నష్టంలో నా పాలు

2020 మే నెలాఖరు. జహనుమాలో మా ఇంటి మేడ మీద నిలబడి ఊరికి ఫోను చేశాను. లాక్‌డౌన్ రోజులు. ఫలక్‌నుమా స్టేషన్ వైపు నుంచి రైలు కూత కూడా లేదు. నా మాట నాకే గట్టిగా వినిపిస్తోంది.

“అన్నా, ఈసారి మక్కలు పెట్టకు, పత్తే వెయ్యి. వానకాలం మక్కలు వద్దని సర్కారంటున్నది. చెప్పిన పంట వెయ్యకుంటే రైతుబంధు రాదట.”

అవతల కాసేపు చప్పుడు లేదు. “బర్లకు సొప్ప గావాలె గద సారూ” అన్నాడు. నేనేమీ అనలేదు. “సరే తియ్యి, మీరెట్లంటె అట్ల” అన్నాడు.

రెండు నిమిషాలు కూడా పట్టని ఆ మాటల గురించి ఇన్నేళ్లుగా నాలో నేనే వాదించుకుంటున్నాను. సర్కారు ఇచ్చే ఆ రైతుబంధు మా కౌలుదారైన అతనికి వచ్చేది కాదు. నాకు వచ్చేది. పట్టా నా పేరు మీద ఉంది. ఆరెకరాలకు ఎకరానికి 5,000 చొప్పున సీజన్‌కు 30,000. దున్నేది, విత్తేది, మందు కొట్టేది అతను. నా 30,000 ఆగకూడదని అతని చేనిలో ఏం మొలవాలో నేను చెప్పాను. నియంత్రిత సాగు అని ఆ ఏడు ఊరూరా చెప్పిన మాట నిజమే. మక్క తగ్గించండి, పత్తి, కంది పెంచండి అన్నారు. అది మంచి ఆలోచనో కాదో వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ వాదనలో దూరి దాక్కోవాలని నాకూ అనిపిస్తుంది. కానీ ఎవరేం చెప్పినా ఆ ఫోను చేసింది నేను. జూన్‌లో నా ఖాతాలో డబ్బు పడింది. నా చేనిలో ఏముందో చూడడానికి అప్పటికి ఎవరూ రాలేదు.

జహా నుమా అంటే లోకాన్ని చూపేది. పక్కనున్న ఫలక్‌నుమా పేరులో ఆకాశమే ఉంది. ఇంత పెద్ద పేర్ల మధ్య ముప్పయ్యేళ్లుగా కాపురముంటున్నాను. మేడ ఎక్కితే నాకు కనిపించేవి పక్కిళ్ల నీళ్ల ట్యాంకులు, గుట్ట మీద ప్యాలెస్. మా ఊరి మొగులు కనిపించదు. ఆ మాట కూడా ఫోనులోనే అడుగుతాను: “మొగులైందా అన్నా?” అడిగి పడుకుంటాను.

ఆ అక్టోబరులో మొగులు నాక్కూడా కనిపించింది. 13వ తారీఖు రాత్రి వాన గుర్తులేనివాళ్లు పాతబస్తీలో ఉండరు. పల్లె చెరువు తెగింది, అల్‌జుబైల్ కాలనీ మునిగింది, మా గల్లీలోనూ మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు, కింద గదిలో ఉన్న మంచం తడిశాయి. వరద సాయమని ఇంటికి 10,000 ఇచ్చారు. సంతకం పెట్టి తీసుకున్నాను. తీసుకోవడం తప్పనడం లేదు. ఆ వానే మా ఊళ్లోనూ కురిసిందని నాకు తట్టింది మాత్రం నాలుగో రోజు.

“పత్తి నల్లవడ్డది సారూ. పలిగిన కాయలల్లనే మొలకలొస్తున్నయి.”

ఆ ఏడు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 5,825. పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ వాళ్లు తేమ 8 శాతముంటే పూర్తి ధర ఇస్తారు, 12 దాటితే తీసుకోరు. మిగిలిన పత్తిని ఎండబెట్టి సీసీఐ కేంద్రానికి తీసుకుపోవాలంటే నా పాస్‌బుక్కు కావాలి. “ఒక్కసారొచ్చి పోండ్రి” అన్నాడు. “కరోనా గదన్నా, బస్సెక్కాలంటే భయమైతున్నది” అన్నాను. భయం ఉన్నమాట నిజమే. అదే వారం ఒక పెళ్లికి పోయి వచ్చిన మాట కూడా నిజమే. అతను ఊరి కాంటా మీదే అమ్మేశాడు. పంటల బీమా చేయిద్దామంటే, ఫసల్ బీమా పథకం నుంచి రాష్ట్రం ఆ సంవత్సరమే బయటికొచ్చింది. ఒకే వానకు నా తడిసిన మంచానికి 10,000 వచ్చాయి. అతని పత్తికి ఏమీ రాలేదు.

కౌలు తగ్గించావా అని మీరడగొచ్చు. ఎకరానికి 8,000 చొప్పున 48,000 ఉగాదికే ముందుగా తీసుకున్నాను. ఐదు వేలు వెనక్కిస్తానన్నాను. తర్వాత, మరుసటి ఏడు కౌలులో పట్టుకొమ్మన్నాను. మరుసటి ఉగాదికి అతను పట్టుకోలేదు. నేను గుర్తు చేయలేదు.

మా ఊరు శ్రీశైలం రోడ్డు మీద ఆమనగల్లు దాటాక కొంచెం లోపలికి ఉంటుంది. ఇక్కడ చాంద్రాయణగుట్టలో బస్సెక్కితే పహాడీ షరీఫ్, తుక్కుగూడ, కడ్తాల్ మీదుగా దారి. ఆ చుట్టుపక్కలే ఔరేపల్లె ఉంది. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975 నుంచి ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరిగి లెక్కలు రాసుకున్న ఊళ్లలో అదొకటి. పాలమూరులోనే దోకూరు ఇంకొకటి. వానను నమ్ముకున్న రైతు ఏ పంట ఎందుకు వేస్తాడు, లాభముందని తెలిసీ ఏది ఎందుకు వెయ్యడు అని ప్రపంచంలో ఎందరో అర్థశాస్త్రజ్ఞులు నేర్చుకున్నది ఆ లెక్కల్లోంచే. పొరుగువాణ్ణయి ఉండీ ఈ సంగతి నాకు యాభై దాటాక తెలిసింది. తెలియక ముందు నాకేమీ తక్కువ కాలేదు, అదే బాధ.

వాళ్లు రాసుకున్నది మా నాయిన చేసిందే. మిరుగు కార్తెలో మొదటి వాన పడగానే ఊళ్లో కొందరు గొర్రు కట్టేవాళ్లు. నాయిన కట్టేవాడు కాదు. చేనిలోకి పోయి మడమతో మట్టి తవ్వి చూసేవాడు. జానెడు పదును దిగితేనే విత్తు. తొందరపడితే విత్తనం మాడుతుంది, ఆలస్యమైతే అదును తప్పుతుంది. ఆ రెండు భయాల మధ్య నాలుగైదు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

పై చెలకలో ఆముదాలు. కింద నల్లరేగడిలో జొన్న, కొన్ని సాళ్లకొకటి చొప్పున కంది, నడుమ చల్లిన పెసలు, బొబ్బర్లు. పెసలు రెండు నెలలకు చేతికొచ్చేవి. జొన్న దసరా దాటాక. కంది సంక్రాంతి దాకా నిలబడేది. ఆషాఢంలో వాన ముఖం చాటేస్తే జొన్న మాడినా, భాద్రపదంలో పడితే కంది తేరుకునేది. అన్నీ బాగా పండిన ఏడు నాకు గుర్తులేదు. అన్నీ పోయిన ఏడు కూడా గుర్తులేదు.

చేను దాటి కూడా ఇలాంటి ఏర్పాట్లుండేవి. మా మేనత్తను వనపర్తి అవతల ఇచ్చారు. అంత దూరం ఎందుకిచ్చావని అవ్వ తాతను చచ్చేదాకా దెప్పింది. మార్క్ రోజెన్‌వైగ్, ఓడెడ్ స్టార్క్ అనే ఇద్దరు 1989లో ఇక్రిశాట్ ఊళ్ల లెక్కలు చూసి, ఆడపిల్లల్ని దూరపు ఊళ్లకు ఇవ్వడంలో ఒక ఉపాయముందని రాశారు. ఇక్కడ వాన తప్పిన ఏడు అక్కడ పడొచ్చు, వియ్యంకుడి ఇంటి నుంచి నాలుగు బస్తాలు రావొచ్చు. మా తాత ఇంత ఆలోచించాడో లేదో తెలియదు. కరువొచ్చిన ఒక ఏడు మేనత్త ఇంటి నుంచి ఎడ్లబండి మీద జొన్నలు రావడం మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను నా చెల్లెళ్లిద్దరికీ సంబంధాలు వెతికి ఒకరిని ఉప్పుగూడలో, ఇంకొకరిని సరూర్‌నగర్‌లో ఇచ్చాను. పండుగకు ఆటోలో వచ్చిపోవచ్చని. ఇప్పుడు మా అందరి మీదా ఒకటే మొగులు.

ఇంట్లో గుమ్మి ఉండేది. వెదురుతో అల్లి, పేడ, మట్టి పూసి, మనిషెత్తు. జొన్నలు పోస్తే రెండేళ్లకు సరిపోయేది. 1991లో ఊళ్లోకి టీవీలొస్తున్నప్పుడు మా ఇంట్లో టీవీ పెట్టడానికి జాగా లేకపోయింది. గుమ్మిని గొడ్డలితో కొట్టి తీసేసింది నేనే. అమ్మ వద్దనలేదు. అప్పటికే అది సగానికి పైగా ఖాళీ. ఎందుకు ఖాళీ అంటే, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదింటి కుండలో తెల్లన్నం ఉడికింది. దాన్ని తప్పంటే నాకు పుట్టగతులుండవు. మా కౌలుదారు ఇంట్లో రోజూ అన్నం తిన్నది అప్పటి నుంచే. కానీ రోజుకు రెండు పూటలా జొన్నరొట్టె పెట్టే ఇంట్లో, హాస్టలు నుంచి సెలవులకొచ్చి ‘రొట్టె నాకొద్దు, అన్నం పెట్టు’ అని అలిగి కూర్చున్నది నేను. పక్కింటివాళ్ల పిల్లలూ అంతే. రొట్టె తినేవాళ్లు పొలం పనివాళ్లని, అన్నం తినేవాళ్లు చదువుకున్నవాళ్లని ఎవరూ చెప్పకుండానే మాకందరికీ తెలిసిపోయింది. ఇంట్లో తినేవాడు లేని పంటను నాయిన ఎన్నాళ్లు వేస్తాడు?

ఆ పాత రోజుల్ని బంగారం చేసి చెప్తున్నానని నాకే అనుమానం. మా కౌలుదారు తండ్రి మా ఇంట్లో జీతగాడు. ఆ గుమ్మిలోంచి ఏడాదికిన్ని కుంచాలని అతని జీతం. కరువులో ముందు తగ్గింది ఆ కుంచాలే. ఔరేపల్లెతో పాటు మరో రెండు ఊళ్ల లెక్కలు చూసి రాబర్ట్ టౌన్సెండ్ 1994లో రాసిన వ్యాసంలో ఇదే కనిపిస్తుంది. ఒకింటి పంట పోయినా పొయ్యి ఆరకుండా ఊళ్లు బాగానే కాచుకునేవి. ఒక ఊళ్లో మాత్రం భూమి లేనివాళ్లకు ఆ కాపు తక్కువ. అంటే ఆ గొడుగు అప్పుడూ అందరి మీదికీ సమంగా రాలేదు. చిల్లుల గొడుగని మేం దాన్ని కుట్టుకోలేదు, మడిచి అటక మీద పారేశాం.

పత్తి పైసల పంట. జొన్న గింజలిస్తుంది, పైసలివ్వదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. అప్పట్లో 450 గ్రాముల ప్యాకెట్టు 1,800 పైమాటే. ఉమ్మడి రాష్ట్రం పట్టుబట్టాక 2006లో అది 750కి దిగింది. ఆ ఏడే నాయిన ఆరెకరాలూ పత్తి పెట్టాడు. “ఒక ఎకరం జొన్నకుంచుదాం రా” అన్నాడు. “ఒక ఎకరం జొన్నతోటి ఏమొస్తది నాయినా” అన్నాను. జహనుమాలో కొన్న పాత ఇంటి మీద అప్పుడు నేను పై అంతస్తు వేస్తున్నాను. స్లాబుకు పైసలు కావాలి. మొదటి రెండేళ్లు పత్తి బాగా పండింది. నేను 2020లో ఫోను చేసిన మేడ ఆ పత్తి మీద లేచిందే.

2006 జూన్‌లో నేను ఊళ్లోనే ఉన్నాను. అరుగు మీద కూర్చుని నాయిన విత్తనాల డబ్బా విప్పాడు. లోపల రంగు పూసిన గింజల పెద్ద ప్యాకెట్టు, దాంతోపాటు ఒక చిన్న పొట్లం. 120 గ్రాములు.

“ఈ చిన్నదేంది?”

నేను చదివాను. చదువుకున్నవాణ్ణి గదా, చదివే పని నాదే. ఇది బీటీ కాని మామూలు పత్తి, చేను చుట్టూ కొన్ని సాళ్లు వేయాలని ఉంది.

“ఏమిటికి?”

“పురుగులకు మేత నాయినా.”

నాయిన పెద్దగా నవ్వాడు. అరుగు మీదున్న నలుగురూ నవ్వారు. “దున్నేది మనం, మేసేది పురుగులా” అన్నాడు. నేనూ నవ్వాను. ఆ పొట్లం కొన్నాళ్లు చూరులో ఇరికించి ఉంది. తర్వాత ఎటు పోయిందో తెలియదు.

నేను చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం ఆ కాగితం మీదే ఉంది, చదివి చెప్పే ఓపిక లేకపోయింది. బీటీ ఆకు తిన్న పురుగు చస్తుంది. ఎక్కడో ఒకటి చావకుండా మిగులుతుంది. అలా మిగిలినవి వాటిలో వాటికే జతకడితే, చావని పిల్లలే పుడతాయి. చేను చుట్టూ మామూలు పత్తి ఉంటే అక్కడ మామూలు పురుగులు బతుకుతాయి. చావని పురుగుకు వాటితో జత కుదిరితే, పుట్టే పిల్లలకు బీటీ మళ్లీ పనిచేస్తుంది. అంటే ఆ 120 గ్రాములు నా చేనికి నష్టం, ఊరికి బీమా. ఒక్క ఇల్లు వేస్తే ఏం లాభం లేదు, ఒక్క ఇల్లు వెయ్యకపోతే ఏం నష్టం లేదు. ఈ రెండో ముక్కనే మేమందరం పట్టుకున్నాం. మా ఊళ్లో ఆ సాళ్లు వేసినవాళ్లను నేను చూడలేదు. పక్క ఊళ్లలో వేశారని వినలేదు. ఎవరూ ఎవరినీ అడగలేదు కూడా, అడిగితే నువ్వేశావా అంటారని.

2017లో గులాబీరంగు పురుగు వచ్చింది. పువ్వు విచ్చకుండా రేకులు చుట్టుకుపోయి గుడ్డిపూలు. కాయ పైకి నున్నగానే ఉంటుంది, విప్పితే లోపల పురుగు, రంగు మారిన దూది. అప్పటికి నాయిన పోయి ఐదేళ్లు. ఆ కాయలు విప్పి చూసుకున్నది మేం నవ్విన అరుగు మీదున్న నలుగురిలో ఎవరూ కాదు. మా కౌలుదారు. పొట్లం పారేసింది మేము, పురుగు అతనికి వచ్చింది.

నాయిన పోయాక మొదట చేను పాలుకే ఇచ్చాను. పెట్టుబడిలో సగం, పంటలో సగం. రెండేళ్లు అలా నడిచింది. యూరియాకు పైసలు పంపాలి, కాంటా రోజు పోయి నిలబడాలి, వాన తప్పితే నాకూ రాత్రి నిద్ర పట్టేది కాదు. ఒకసారి పంట తక్కువొచ్చిందంటే నాకు అనుమానం కూడా కలిగింది, దాచాడేమోనని. ఆ అనుమానం నాకు నచ్చలేదు. దాన్ని పోగొట్టుకునే మార్గం అతని దగ్గరికి నాలుగుసార్లు ఎక్కువ పోవడం. నేను వేరే మార్గం పట్టాను. “ఈ లెక్కలన్నీ ఎందుకన్నా, ఎకరానికింతని ఇచ్చెయ్యి” అన్నాను. అతను కూడా సరేనన్నాడు. పంట బాగొస్తే మిగులుతుందనే ఆశ అతనికీ ఉండి ఉంటుంది. ఆ మాటతో వాన, పురుగు, ధర మూడూ నా నెత్తి మీంచి దిగి అతని నెత్తికెక్కాయి. ఆ రోజు నాకు అంతగా తెలియలేదు. తెలిసినా వద్దనేవాణ్ణి కాదేమో. పాలుకున్నప్పుడు అతను నన్ను ‘తమ్మీ’ అనేవాడు. కౌలుకొచ్చాక ‘సారూ’ అయ్యాను. మార్చమని నేను అడగలేదు, ఎందుకు మార్చావనీ అడగలేదు.

జహనుమాలో, ఉప్పుగూడలో, సరూర్‌నగర్‌లో నాలాంటివాళ్లం ఎంతమందిమో. పెళ్లిళ్లలో కలిసినప్పుడు మొదటి ప్రశ్న “మీ దిక్కు ఎకరానికెంత?” అనే. వాన సంగతి భోజనాలయ్యాక వస్తుంది.

2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. పాలుకిచ్చిన ఏడు అతను ఆ సంగతి కదిపాడు. “నా పేరు రాస్తే బ్యాంకుల అప్పిస్తరట.” మా బావమరిది “కాగితం మీద పేరెక్కితే రేపు చేను నాదంటడు, నీ ఇష్టం” అన్నాడు. నా ఇష్టం ఏమిటో అతనికి తెలుసు. “ఎందుకన్నా, నీకేమన్నా అవసరమైతే నేను లేనా” అన్నాను కౌలుదారుతో. అవసరమైనప్పుడు నేను లేను. అతను నూటికి మూడు వడ్డీకి తెచ్చాడు. తర్వాత కొత్త పాస్‌బుక్కులొచ్చి, ధరణి వచ్చి, పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ లేకుండా పోయినప్పుడు నిమ్మళంగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరిని ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది గానీ, ఆ రోజు సిగ్గేయలేదు. రైతు బీమా కింద వచ్చే 5 లక్షలు కూడా పట్టా ఉన్నవాళ్లకే. ఆ పాలసీకి నామినీగా నా భార్య పేరు రాయించాను. మందు డబ్బా వీపున కట్టుకునేది మాత్రం నేను కాదు.

ఇంతా చేసి అతన్నే పిరికివాడన్నాను. పురుగొచ్చిన మరుసటి ఏడు బోరేసి టమాటా పెట్టమన్నాను, పక్క ఊళ్లో ఒకతను లక్షలు తీశాడని విని. వద్దన్నాడు. “నీకు ధైర్యం చాలదన్నా, అందుకే ఇట్లున్నవ్” అన్నాను. అతను ఏమీ అనలేదు. తువ్వాలు దులుపుకున్నాడు.

ఔరేపల్లె గురించి చదివిన రోజుల్లో నాకు హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆయన ఆడించిన ఆట దొరికింది. 1980లో అచ్చయిన పరిశోధన. ఇక్రిశాట్ వాళ్లు లెక్కలు రాసిన ఊళ్లలో రైతుల ముందు నాణెం ఎగరేసే కొన్ని బేరాలు పెట్టారు. ఒక కొసన, బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలు ఖాయం. ఇంకో కొసన, ఒకవైపు పడితే 200, మరోవైపు పడితే సున్న. నడుమ రకరకాలు. ఉత్త మాటలు కావు, గెలిచినవాళ్లకు డబ్బులిచ్చారు, ఆ కాలానికి అది చిన్న సొమ్ము కాదు. పెద్ద పందేల్లో ఎక్కువమంది నడిమి బేరాలు పట్టారు. బాగా ఉన్నవాడికీ లేనివాడికీ ఎంపికలో పెద్ద తేడా రాలేదు. భయం ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. ఒకడు బోరేసి ఇంకొకడు వెయ్యకపోతే అది ధైర్యం తేడా కాదు, అప్పులాంటివి అందే తేడా అని ఆయన తేల్చాడు. పడిపోతే పట్టుకునేవాళ్లుండే తేడా కూడానని నాకు తోచింది.

ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. అప్పు పుట్టకుండా కాగితం ఆపింది నేనే. పట్టుకునే చేయి కూడా నాదే కావలసింది.

వాన, పురుగు, ధరలకు ఏదో ఒక అంచనా ఉంటుంది. అంచనాకే అందనివి వేరు. ఫ్రాంక్ నైట్ 1921లోనే ఈ రెంటికీ గీత గీశాడని చదివాను. మా చిన్నాయిన కొడుక్కి ఆ గీత 2021 యాసంగిలో తగిలింది. బోరు కింద రెండెకరాల మడి. ఉప్పుడు బియ్యం కొనరు కాబట్టి వరి వెయ్యొద్దని సర్కారు చెప్పింది. వాడు నాకు ఫోను చేసి, “అన్నా, పట్నంల ఏమనుకుంటున్నరు?” అనడిగాడు. పట్నంలో ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. కానీ తెలియదనడం నాకు చేతకాదు. “వెయ్యకు, కొనరట” అన్నాను. వాడు మడి పడావు పెట్టాడు. 2022 ఏప్రిల్‌లో వడ్లు కొంటామన్నారు. మాట వినకుండా నాటిన పక్కింటివాడు అమ్ముకున్నాడు. వాడు నన్నేమీ అనలేదు, ఆ తర్వాత ఏ పంట గురించీ అడగనూ లేదు. మా కౌలుదారు మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నాడు, అడగక తప్పదు కాబట్టి.

ఈ ఏడు శివరాత్రి దాటాక అతనే ఫోను చేశాడు. “సారూ, ఒక మాట. రెండెకరాలల్ల జొన్న, కంది కలిపి ఏద్దామనుకుంటున్న. ఇప్పుడు జొన్నలకు మంచి ధరున్నది. మీరు మళ్ల పాలుకిస్తరా? కౌలు ఎల్తలేదు.”

రైతుబంధు ఇప్పుడు రైతు భరోసా అయింది. ఎకరానికి సీజన్‌కు 6,000 అన్నారు. ఆరెకరాలకు 36,000, దానిపైన కౌలు 48,000. పాలుకిస్తే ఆ 48,000 ఎంతవుతుందో తెలియదు. తెలియకపోవడం ఎలా ఉంటుందో నేను మరిచిపోయాను. “చూద్దాం అన్నా, ఆలోచించి చెప్త” అన్నాను. ఆలోచించాను కూడా. ఇంట్లో అడిగాను. కొడుకు ఇంజనీరింగ్ ఫీజు సెప్టెంబరులో కట్టాలి. నావి సాకులని నాకు తెలుసు, ఫీజు కట్టాల్సి ఉందన్నదీ నిజమే.

ఉగాది వచ్చింది. నేను ఫోను చేయలేదు.

పండుగ తెల్లారి సాయంత్రం ఇంజన్‌బౌలి దాకా నడిచాను. షుగరుందని డాక్టరు రాత్రిపూట అన్నం మానమన్నాడు. రోడ్డు పక్క బండి మీద ఒకామె రొట్టెలు చేస్తుంది. పీట మీద పిండి ముద్ద పెట్టి, అరచేత్తో తడుతూ తిప్పుతుంది. రొట్టె పెద్దదవుతున్నకొద్దీ చప్పుడు మారుతుంది. మా అవ్వ చేసినప్పుడూ అలాగే మారేది. ఎక్కడి నుంచొచ్చావంటే కల్వకుర్తి దిక్కంది. రొట్టె 20 రూపాయలు.

పెనం మీద రొట్టె పొంగుతుండగా జేబులో ఫోను మోగింది. తీసి చూశాను. ఫోన్‌పేలో అతని పేరు. 48,000. కింద ఒక్క ముక్క రాశాడు: ‘కౌలు’.

“ఇంకోటి ఎయ్యనా సారూ?” అంది ఆమె.

వెయ్యమన్నాను.